ఇస్పేటా, కళావరా

ఆదిలాబాదు
4 సెప్టెంబరు 1957

బావగారికి లింగం నమస్కారాలు.

ఈ ఊరికి బదిలీ అయి వచ్చిన దగ్గర్నుంచి వాన వదలడం లేదు. సహకార సంఘాల లెక్కలు చూడడానికి ఏ పల్లెకు పోదామన్నా వాగు అడ్డం. ఎడ్లబండి వాడు వాగు ఒడ్డున బండి ఆపి, చుట్ట ముట్టించి, "నీళ్లు తగ్గినంక పోదాం తియ్" అంటాడు. సాయంత్రానికి ఇద్దరం తిరిగి ఊళ్ళోకే వస్తాం.

ఇక్కడా ఒక క్లబ్బు ఉంది. రేకుల షెడ్డు, రెండు బల్లలు. బ్రిడ్జి పేకాట వచ్చినవాళ్ళు ముగ్గురే ఉన్నారు. నాలుగోవాడి కోసం సర్కారు దవాఖాన డాక్టరుకు నేను నేర్పుతున్నాను. మెట్రిక్ చదివే రోజుల్లో మీ ఇంటి వసారాలో మీరు నాకు నేర్పిన మాటలనే ఆయనకు అప్పగిస్తున్నాను. "మొదటి పిలుపంటే ఎదురుగా కూచున్న జోడీకి మన చేతిలో ఏముందో చెప్పే మొదటి మాట. కన్ను గీటడానికి లేదు, గొంతు పెంచడానికి లేదు. ఆ ఒక్క మాట మీదనే ఆయన ఇల్లు కట్టుకోవాలి" అని.

మొన్న డాక్టరుకు ఇస్పేట్లు ఐదు, కళావర్లు ఐదు వచ్చాయి. ఏది ముందు పిలవాలని అడిగాడు. మనిద్దరి మధ్య ఎప్పుడూ తేలని ప్రశ్న అదే కదా. డిసెంబరులో జిల్లా కప్పు ఆటకు సెలవు పెట్టుకుని వస్తున్నాను. పాత సభ్యుణ్ణి కాబట్టి మీ జోడీగా ఆడవచ్చని సంగారెడ్డి క్లబ్బు సెక్రటరీ సాదుల్లా సాహెబు ఒప్పుకున్నారు. ఆలోగా ఈ సంగతి తేల్చుకోవాలి. రెండు రంగులు ఐదైదు వస్తే పెద్ద రంగుతో మొదలు పెట్టాలన్న మీ నియమం నాకూ ఇష్టమే. ఇస్పేటు, కళావరు వచ్చినప్పుడు మాత్రం కళావరుతో మొదలెడదాం. కళావరు అన్నింటికంటే చిన్న రంగు. ముందు దాన్ని చెబితే తరువాత ఇస్పేటు చెప్పడానికి మెట్టు ఎక్కనక్కర్లేదు. రెండూ తక్కువలోనే జోడీకి తెలుస్తాయి.

అక్కను అడిగానని చెప్పండి. మీ జవాబు కోసం చూస్తుంటాను.

మీ లింగం


సంగారెడ్డి
19 సెప్టెంబరు 1957

లింగం, ఆశీస్సులు.

మీ అక్క ఇంకా నాలుగు ముద్దలు ఎక్కువ తినమని రాయమంది. రాశాను. తినడం, మానడం నీ ఇష్టం.

పోయిన వారం లక్డారం పోయి వచ్చాను. అక్కడ యాదన్న అని ఒక కౌలు రైతు. వాళ్ళ నాయిన కాలం నుంచి దున్నుతున్న చెలకను దొర మనుషులు లాక్కోవాలని చూస్తున్నారు. దావా మన క్లబ్బులో ఆడే జడ్జి సాహెబు ముందుంది. చెలక కళ్ళతో చూసుకోకపోతే వాదన పలచనవుతుందని నేనే నడిచి గట్లు చూశాను. తిరుగు దారిలో పటాన్‌చెరు బస్సుల దగ్గర పక్క నుంచి వస్తున్న గంపల ఆమెను గుద్దుకున్నాను. జామపండ్లన్నీ దొర్లిపోయాయి. "కండ్లు నెత్తి మీదున్నయా పెద్దమనిషీ!" అని బజారంతా వినేటట్టు తిట్టింది. నల్లకోటు వేసుకుని రోడ్డు మీద వంగి జామపండ్లు ఏరాను. మీ అక్కకు చెబితే రెండు రోజులు నవ్వింది.

ఇక నీ కళావరు. ఒక కళావరు అని వినయంగా మొదలు పెట్టావనుకో. పక్కవాడు ఆఠీను అని దూరతాడు. వాడి జోడీ దాన్ని పైకి లేపుతాడు. అప్పుడు నీ ఇస్పేటు చెప్పుకోవడానికి చోటెక్కడుంది? అరుగు మీద కూచున్నవాడు ఇంట్లోకి పిలిచేదాకా ఆగినట్టు ఉంటుంది. బలమున్నది ముందు చెప్పు. కోర్టులోనూ నేను నేర్చుకున్నది అదే. మొదటి మాటకు బెంచీ మీది హాకిం తలెత్తకపోతే పదో మాటకు ఎత్తడు.

అయినా నువ్వు రాసింది కొట్టి పారేయను. నీ లెక్కలో కొంత పస ఉంది. మనసులో ఉంచుకుంటాను. డిసెంబరులో రా, చూద్దాం.

డాక్టరుకు ముందు నోరు కట్టుకోవడం నేర్పు. పిలుపులు తరువాత.

సంగప్ప


ఆదిలాబాదు
3 అక్టోబరు 1957

బావా,

మీరు ఒప్పుకున్నారు! మీ ఉత్తరాన్ని డాక్టరుకు చదివి వినిపించాను. "సంగప్ప ప్లీడరు వంటివాడితో కొంత పస ఉందనిపించుకోవడమంటే హైకోర్టులో గెలిచినట్టే" అన్నాను. ఆయనకు మీరెవరో తెలియదు కాబట్టి ఊరికే తలూపాడు.

ఇంతటితో ఇది ఖాయం. ఇస్పేటు, కళావరు ఐదైదు వస్తే ముందు కళావరు. మీరు ఇస్పేటుతో మొదలెడితే మీ దగ్గర కళావర్లు లేవని నేను అర్థం చేసుకుంటాను. ఇంకేమీ రాయనక్కర్లేదు. జవాబు రాకపోతే సరేనన్నట్టే.

డిసెంబరు ఆఖరి వారంలో వస్తాను. అక్కకు ఇక్కడి ఇప్పగింజల నూనె కావాలేమో అడగండి. దీపానికి బాగుంటుందంటున్నారు.

లింగం


ఆదిలాబాదు
6 జనవరి 1958

బావగారికి,

క్షేమంగా చేరాను. చెప్పకుండా పొద్దుటి బస్సుకు వచ్చేశానని, కట్టిన సద్ది కూడా తీసుకోలేదని అక్క బాధపడి ఉంటుంది. ఆమెను నొప్పించాలని చేయలేదు. మీ ఎదుట కూచుని తినలేకపోయాను.

ఆ చేయి నన్ను వదలడం లేదు. అప్పటిదాకా సరిసమానంగా వచ్చాం. ఆఖరి చేయి. మీరు ఒక ఇస్పేటు అన్నారు. జడ్జి సాహెబు రెండు ఆఠీన్లు అన్నాడు. నా దగ్గర ఉన్నది ఒకే ఒక్క ఇస్పేటు, అదీ ఆరు. పాస్ అన్నాను. ఆయన జోడీ నాలుగు ఆఠీన్లకు పోయాడు. మీరు నాలుగు ఇస్పేట్లు అన్నారు. వాళ్ళు డబుల్ అన్నారు. మన పని అక్కడే అయిపోయింది.

నా ముక్కలు బల్ల మీద పరిచినప్పుడు మీరు చూశారు కదా. కళావర్లు ఆసు, జాకీ, తొమ్మిది, నాలుగు. మీ దగ్గర కళావర్లు ఐదున్నాయని ఆట నడుస్తుంటే ఒక్కొక్కటిగా బయటపడింది. రెండు చేతులూ కలిస్తే తొమ్మిది కళావర్లు, పైవన్నీ మనవే! కళావరుతో మొదలెట్టి ఉంటే కప్పు మన ఇంట్లో ఉండేది. సెప్టెంబరు నుంచి మనం ఉత్తరాలు రాసుకున్నది సరిగ్గా ఈ చేయి గురించే. మీరు మాట ఇచ్చి మరీ తప్పారు.

ఓడినందుకు కాదు నా కోపం. ఆట అయ్యాక అంతమంది ముందర మీరన్న మాట. "మా లింగంకు ఇంకా పిలుపు వినుడు రాలె. నేర్చుకుంటుండు" అన్నారు. అందరూ నవ్వారు. జడ్జి సాహెబు మీ చేయి పట్టుకుని "షుక్రియా వకీల్ సాబ్" అంటే మీరూ నవ్వారు. నాకు ముప్పై నాలుగేళ్ళు. ఒక జిల్లా ఆఫీసు నడుపుతున్నాను. మీ వసారాలో పలక పట్టుకుని కూచున్న పిల్లవాణ్ణి కాను.

ఎందుకు ఇస్పేటు అన్నారో ఒక్క మాట రాయండి. అది చాలు.

లింగం


సంగారెడ్డి
20 జనవరి 1958

లింగం,

నేను మాట ఇవ్వలేదు. మనసులో ఉంచుకుంటానన్నాను. వకీలుతో ఉత్తరాలు రాసుకునేవాడు ఆ రెంటికీ తేడా తెలుసుకోవాలి. జవాబు రాకపోతే సరేనన్నట్టేనని నువ్వే రాసుకుని, నువ్వే తీర్పు చెప్పుకున్నావు.

ఎందుకు ఇస్పేటు అన్నానని అడిగావు. ఇస్పేటు పెద్ద రంగు కాబట్టి. రెండు ఆఠీన్ల మీద నీ చేతిలో రెండు ఆసులు ఉంచుకుని పాస్ అన్నవాడివి నువ్వు. నేను నాలుగు ఇస్పేట్లు అన్నాక ఐదు కళావర్లు అని పారిపోయే దారి కూడా నీకుంది. పోలేదు. ఇద్దరం కలిసి ముంచాం. నా భాగం నాకు తెలుసు. నీ భాగం నువ్వు చూసుకో.

నవ్వులాటకు అన్న మాటను మూటగట్టుకుని ఆదిలాబాదు దాకా మోసుకుపోయావు. సద్ది మూట మోసుకుపోయి ఉంటే నీకు కడుపైనా నిండేది.

లక్డారం దావా పేషీలు ఎక్కువగా పడుతున్నాయి. ఈ ఉత్తరం మీ అక్క చేత రాయిస్తున్నాను.

సంగప్ప


ఆదిలాబాదు
3 ఫిబ్రవరి 1958

బావగారికి,

మీ ఉత్తరం అందింది. అక్క అక్షరాలు చూసి ముందు ఆమె రాసిందనుకుని సంతోషపడ్డాను. నాకు నాలుగు వాక్యాలు స్వయంగా రాసే తీరిక కూడా మీకు లేదని తరువాత తెలిసింది. గుమాస్తాకు చెప్పి నోటీసు రాయించినట్టు రాయించారు. అలాగే కానివ్వండి.

రెండు సంగతులు తెలియజేస్తున్నాను. ఒకటి, వచ్చే ఏడు కప్పుకు నేను ఇక్కడి డాక్టరుతో జోడీ కడతాను. ఆయనకు ఆట అంతగా రాదు. కాని అనుకున్న మాట ప్రకారం పిలుస్తాడు.

రెండోది మీకు చెప్పాలా వద్దా అని ఆలోచించాను. పోయిన వారం సంగారెడ్డి నుంచి బదిలీ మీద ఒక రెవెన్యూ ఆయన వచ్చాడు. క్లబ్బులో పరిచయమైంది. నేనెవరో తెలిశాక నవ్వి, "మీ బావ జడ్జి సాబును గెలిపిచ్చిండట గద? లక్డారం కేసు ఆయన తాననే ఉన్నదాయె. వకీలంటె గట్లుండాలె" అన్నాడు. అక్కడ అందరూ అలాగే అనుకుంటున్నారట. నేను కాదనలేదు. అవుననీ అనలేదు. మీరు ఇస్పేటు ఎందుకన్నారో నాకే తెలియనప్పుడు ఇంకొకరికి ఏం చెప్పను?

లింగం


సంగారెడ్డి
15 ఫిబ్రవరి 1958

తమ్ముడు లింగంను అక్క రాధమ్మ దీవించి రాస్తున్నది.

ఈ ఉత్తరం నా అంతట నేను రాస్తున్నాను. ఆయన కోర్టుకు పోయారు. నీ ఉత్తరం నేనే చదివి వినిపించాను. రెవెన్యూ ఆయన మాటలు వచ్చేసరికి నా నోరు ఆగింది. "సదువు" అన్నారు. చదివాను. ఆ పూట అన్నం ముందు కూచుని లేచారు. "లింగం కాదనలేదట" అని ఒక్క మాట అన్నారు.

నీకు స్వయంగా రాయకపోవడం బద్ధకం కాదు లింగం. ఆయన చూపు పోతున్నది. కార్తీకంలో పట్నం తీసుకుపోయి చూపించాను. కాలా మోతియా అన్నారు. కంటి లోపలి నరం ఎండిపోతుందట. పోయిన చూపు రాదట, ఉన్నదాన్ని చుక్కల మందుతో కొన్నాళ్ళు నిలుపుకోవాలట. దీపం వెలుగులో చదవడం, రాయడం మానమన్నారు. పొద్దున్నే గుమాస్తా వచ్చి మిసిలు, అంటే కేసు కాయితాల కట్ట, చదువుతాడు. ఈయన వసారాలో నడుస్తూ వింటారు. పేషీలో కాయితం చేతిలో పట్టుకుని చదివినట్టే చెబుతారు, కాని అంతా నోటికి వచ్చిందే. గుమాస్తాకు, నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఎవరు వకాలతు ఇస్తారు?

వసారాలో పక్కనే పెట్టిన చెంబు కాలికి తగిలేదాకా ఆయనకు కనబడదు. గుమ్మానికి భుజం తగిలించుకుంటారు. నీకు రాసిన ఆ గంపల ఆమె సంగతికి నేను నవ్విన మాట నిజమే. అప్పుడు నాకు తెలియదు.

నాకు ఆట తెలియదు. ఇస్పేటు, కళావరు రెండూ నల్లవే కదా. ఆ రోజు పోల్చుకోలేకపోయారేమో. నన్నడిగితే అంతే అయి ఉంటుంది. ఆయన నోటితో ఆయన ఒప్పుకోరు. నీకు జవాబుగా అంత బింకంగా రాయించింది కూడా అందుకేనేమో.

ఇది నీ మనసులో ఉంచుకో. ఎవరితోనూ అనకు. ఆయనకు మంచి మాట ఒకటి రాయి.

మీ అక్క


ఆదిలాబాదు
1 మార్చి 1958

అక్కా,

నీ ఉత్తరం ఆఫీసులో విప్పాను. చదివి తలుపు వేసుకుని కూచున్నాను. జవాను వచ్చి పిలిస్తే ఒంట్లో బాగా లేదన్నాను. ఆయనను నేను ఎన్ని మాటలన్నానో నాకు ఒక్కటీ మరపు రావడం లేదు.

నేను ఊరికే ఏడుస్తూ కూచోలేదు. బావ నా వల్ల పడ్డ మాటను నేనే తుడవాలి. జడ్జి సాహెబు కోసం ఓడాడని అనిపించుకుంటూ ఆయన కోర్టుకు పోవడం నేను భరించలేను. సాదుల్లా సాహెబుకు వివరంగా రాశాను. మా బావకు ఆ రోజు ఇస్పేటు ఏదో కళావరు ఏదో కనిపించలేదని, కంటి జబ్బు వల్ల అలా జరిగిందని, ఆయన నిజాయితీని అనుమానించినవాళ్ళు సిగ్గు పడాలని రాశాను. ఎవరితోనూ అనవద్దన్నావు. సాదుల్లా సాహెబు బయటివాడు కాదు. బావకు పాతికేళ్ళ స్నేహితుడు. ఆ రోజు బల్ల దగ్గర ఉన్న పెద్దమనుషులకు తప్ప చెప్పవద్దని ఆయనను గట్టిగా కోరాను.

ఇక బావ మీద ఎవరూ నోరెత్తరు. నువ్వు ధైర్యంగా ఉండు. నీ ఉత్తరం సంగతి ఆయనకు చెప్పకు.

నీ తమ్ముడు
లింగం


సంగారెడ్డి
24 మార్చి 1958

లింగం,

ఎంత పని చేశావు!

సాదుల్లా సాహెబు మంచివాడు. స్నేహితుని మీద పడ్డ మచ్చ పోవాలని నీ ఉత్తరం క్లబ్బులో అందరి ముందూ చదివాడట. నువ్వు కోరినట్టే ఎవరూ మారు మాట్లాడలేదు. మరునాటికి బార్ రూములో తెలిసింది. ఆ మరునాడు కోర్టులో ఈయన నిలబడగానే జడ్జి సాహెబు, "వకీల్ సాబ్, ఆప్ బైఠ్‌కే బహస్ కీజియే" అన్నాడట. కూచుని వాదించమని, పాపం ఆయన దయతోనే అన్నాడు. కాని హాలంతా తలలు తిప్పి చూసిందని గుమాస్తా చెప్పి కండ్లు తుడుచుకున్నాడు. ఈయన నిలబడే వాదించారు.

లక్డారం యాదన్న వచ్చాడు. గడప లోపలికి రాలేదు. నేను తలుపు వెనక ఉన్నాను.

"వకీల్ సాబ్, నారాజ్ గాకుండ్రి. మీకు కండ్లు కనబడ్తలేవని ఊరంత అంటున్నరు. మా కాయితాలు ఎట్ల సదువుతరు?"

"నీ కాయితాలు నాకు నోటికొస్తయి యాదన్నా. ఏ సంవత్సరం పహాణీ లెక్కల ఏం రాసున్నదో అడుగు. చెప్త."

"వస్తయి సాబ్. మీరు మా చెలకంత నడిచి చూసిండ్రు, ఆ సంగతి నేను మరువలే. గని అవతలోడు పేషీల కొత్త కాయితం పెడితె?"

ఈయన గుమాస్తాను పిలిచి మిసిలు ఇచ్చేయమన్నారు. యాదన్న కండువా తీసి దండం పెట్టాడు. ఆ దండం ఈయనకు కనిపించిందో లేదో నాకు తెలియదు. అతని వెనకే కంది, రుద్రారం ఊళ్ళ వాళ్ళు వచ్చి తమ మిసిళ్ళు పట్టుకుపోయారు. ఇప్పుడు వసారాలో బెంచీ ఖాళీగా ఉంటున్నది.

"లింగంకు ఎవరు చెప్పిండ్రు?" అని అడిగారు. నేనే అన్నాను. అప్పటి నుంచి నాతో కావలసినంతే మాట్లాడుతున్నారు. ఉప్పు చాలకపోయినా చెప్పకుండా తింటున్నారు.

నీ మీద కోపం తెచ్చుకుందామంటే రావడం లేదు. నీకు రాసింది నేను కదా.

అక్క


ఆదిలాబాదు
5 ఏప్రిల్ 1958

పూజ్యులైన బావగారికి,

ఏ ముఖంతో రాస్తున్నానో నాకే తెలియదు. అక్క అంతా రాసింది. నేను మంచి చేయబోయాను, చెడు జరిగింది. సాదుల్లా సాహెబు అలా బయట పెడతాడని కలలో కూడా అనుకోలేదు.

అయినా ఒక మేలు జరిగింది బావా. మీరు జడ్జి కోసం ఓడారని ఇప్పుడు ఎవరూ అనరు. మీ తప్పేమీ లేదని అందరికీ తెలిసింది. ఆ చేయి గురించి నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మీ కళ్ళు సరిగా ఉంటే మీరు కళావరే అనేవారు. అది నాకు ముందే తట్టి ఉండాల్సింది.

మద్రాసులో కంటి దవాఖాన చాలా మంచిదని ఇక్కడి డాక్టరు చెబుతున్నాడు. సెలవు పెట్టి వచ్చి తీసుకుపోతాను. లేదంటే కొన్నాళ్ళు మీరు, అక్క ఇక్కడికే రండి. నేనుండగా మీకు దేనికీ లోటు రాదు. డాక్టరు జోడీ సంగతి మరిచిపోండి. కోపంలో అన్నాను. ముక్కలు నేను చదివి చెబుతాను. మీరు ఊరికే కూచుని ఆడుదురు గాని.

మీ పాదాలకు మొక్కుతూ
లింగం


సంగారెడ్డి
30 ఏప్రిల్ 1958

లింగం,

మీ అక్క రాస్తున్నది, చెబుతున్నది నేను. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

నీ జాలి అందింది. మద్రాసు రాను. ఆదిలాబాదు రాను.

ఆ రోజు ఆట మధ్యాహ్నం జరిగింది. నేను పడమటి కిటికీకి వీపు పెట్టి కూచున్నాను. ఎండ నా భుజం మీది నుంచి ముక్కల మీద పడుతోంది. ఇస్పేట్లు ఆసు, జాకీ, ఎనిమిది, ఐదు, మూడు. కళావర్లు రాజు, రాణి, పది, ఆరు, రెండు. డైమన్లు రాజు, నాలుగు. ఆఠీను ఒక్కటే, ఏడు. పట్టుకోగానే చూశాను, సర్దుకున్నాను, ఇంకోసారి చూశాను. మీ డాక్టరు పేక ఆడడం మాని పుస్తకం చూస్తే తెలుస్తుంది. ఈ జబ్బు చూపును పక్కల నుంచి తింటుంది. ఆ రోజుకు నా పక్కన కుర్చీలో ఎవరున్నారో నాకు తెలియలేదు. దీపం కింద చిన్న అక్షరం అలికినట్టుండేది. కాని చేతిలో ఉన్న పేక ముక్క, ఎదురుగా ఉన్న నీ ముఖం నాకు బాగానే కనిపించాయి. నేను ఇస్పేటు అనగానే నీ ముఖంలో వచ్చిన మార్పు కూడా కనిపించింది.

నేను ఇస్పేటు ఎంచుకున్నాను. నీ ఉత్తరం గుర్తుంది. కళావరు అనాలా అని ఒక్క క్షణం ఆగాను కూడా. జడ్జి సాహెబుకు ఆఠీన్లు ఉంటాయనిపించింది. ముందు ఇస్పేటు చెప్పుకుంటే ఆయన నోరు కట్టవచ్చుననుకున్నాను. తప్పు లెక్క వేశాను. నువ్వు చెప్పిందే సరైనది. ఆ చేతికి కళావరే పిలుపు. నువ్వు బస్సెక్కి పోయాక మళ్ళీ మళ్ళీ వేసి చూసుకున్నాను. దసరాకు నువ్వు వస్తే వసారాలో కూచోబెట్టి, "నువ్వే గెలిచినవ్ పో" అందామని ఉండింది. ఉత్తరంలో అనడానికి అహం అడ్డం వచ్చింది. జనవరిలో రాసిన ఉత్తరం ఆ అహం రాయించిందే. దానికి కంటితో సంబంధం లేదు.

ముప్పై ఏళ్ళు కోర్టులో నిలబడ్డాను. నేరం చేసినవాడు నేరం చేశానని చెప్పుకునే దాకా వినాలి. సాదుల్లాకు రాసే ముందు నువ్వు నన్ను అడగలేదు. మీ అక్క అనుకున్నది ఒకటి రాస్తే, నువ్వు దాన్ని జరిగిందని రాశావు, సాదుల్లా దాన్ని చదివాడు. ముగ్గురూ నా మీద ప్రేమతోనే చేశారు. నాకు కళ్ళు లేవని అనిపించుకోవడం నేను ఎలాగూ ఒక రోజు పడవలసిందే. ఇంకో ఏడో, రెండేళ్ళో గడిచేది. దానికి నేను సిద్ధపడుతూనే ఉన్నాను. కాని ఆ చేయి నేను చూసి, ఆలోచించి ఆడింది. తప్పో ఒప్పో నాది. నువ్వు దాన్ని కూడా తీసుకుపోయి గుడ్డివాడి పొరపాటు కింద జమ చేశావు. ఇప్పుడు నేను బజారులో నిలబడి చూశానని అరిచినా ఎవరూ నమ్మరు. పాపం అని తలూపుతారు. జడ్జి కోసం ఓడానన్న మాటే నయం. ఆ మాట అన్నవాళ్ళు నేను చూసి ఆడాననైనా నమ్మారు.

యాదన్న దావా పోయింది. కొత్త వకీలు చిన్నవాడు, కళ్ళు మంచివే. యాదన్న తండ్రి చెలక వదులుకున్నట్టు దొర వాళ్ళు ఒక కౌలు రాజీనామా కాయితం పెట్టారట. దాని మీది తారీఖు నాడు యాదన్న తండ్రి బతికి లేడు. ఆయన ఎప్పుడు పోయాడో యాదన్న నాకు చెలక గట్టు మీద కూచుని చెప్పాడు. కొత్త వకీలు అది అడగలేదు. యాదన్నకు చదువు రాదు, ఆ కాయితంలో ఏ తారీఖు ఉందో అతనికి తెలియదు. గుమాస్తా వచ్చి సంగతంతా చెబుతుంటే ఆ తారీఖు దగ్గర నేను లేచి నిలబడ్డాను. నిలబడి ఏం చేయను? మళ్ళీ కూచున్నాను. అప్పీలు చేయమని కబురు పెట్టాను. చేసుకునే ఓపిక లేదన్నాడు. చెలక వదిలి పటాన్‌చెరులో హమాలీ పనికి పోతున్నాడట.

నీకు బాకీ ఉన్న మాట చెప్పాను కనుక మనిద్దరి మధ్య ఇక తేలవలసింది లేదు. డాక్టరుతో జోడీ కట్టు. ఆట రాకపోతే నేర్పు. మీ అక్క క్షేమం నువ్వు అడగవచ్చు. ఆమె జవాబు రాస్తుంది. ఆ ఉత్తరాలు నాకు చదివి వినిపించవద్దని ఆమెకు చెప్పాను.

సంగప్ప

లింగం, రాసిందంతా ఆయనకు చదివి వినిపించాను. ఎక్కడైనా మార్చమంటారేమో అని రెండోసారి మెల్లగా చదివాను. మార్చమనలేదు.

రాధమ్మ